రాతి మిద్దెకు రాగి తీగ

సీమ పల్లెల్లో ఇంటర్నెట్ తలవాకిలి దాకా వచ్చేసింది. అక్కడి నుంచి వెనక గదిలోకి, మిద్దెపైకి, పశువుల కొట్టంలోకి తీసుకెళ్లే పని మాత్రం మనదే. అందుకు కావాల్సిన స్విచ్‌ను ఈ ఎండకు, ఈ కరెంటుకు, ఈ ఉరుములకు తగినట్టు ఎంచుకోవడం ఎలా?

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగలో ఇస్తామన్నారు. ఆ తీగను భూమిలో పాతిపెట్టాలంటే ఏళ్లు పడుతుంది, కోట్లు పోతాయి. అందుకే ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే 23 వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ లాగారు. దాన్ని నడిపే పరికరాలను విద్యుత్ సబ్‌స్టేషన్లలో పెట్టారు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు రాలే అనంతపురం నేలకు ఇది బాగా కుదిరిన ఉపాయం. ప్రైవేటు కంపెనీలు, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లు కూడా స్తంభాల బాటనే ఫైబర్ తెచ్చారు. ఇప్పుడు కళ్యాణదుర్గం వైపు, మడకశిర వైపు లోపలి ఊళ్లలోనూ వీధి స్తంభం నుంచి ఇంటి ముందుకు సన్నటి నల్ల తీగ దిగడం కనిపిస్తుంది.

ఆ తీగ తలవాకిలి పక్కన ఆగిపోతుంది. గోడకు ఒక డబ్బా బిగిస్తారు. దానికి రెండు యాంటెనాలు, వెనక రెండో నాలుగో ల్యాన్ పోర్టులు ఉంటాయి. బిగించినవాళ్లు ఫోన్‌లో ఒక వీడియో ఆడించి చూపించి వెళ్లిపోతారు. వరండాలో అంతా బాగానే ఉంటుంది. నడిమింట్లోకి అడుగుపెడితే రెండు గీతలు, వంటింట్లో ఒక గీత, వెనక గదిలో అదీ ఉండదు. ‘నెట్ రాలేదప్పా’ అని ఆపరేటర్‌కు ఫోన్ వెళ్తుంది. ఆయన స్తంభం దగ్గర, డబ్బా దగ్గర చూసి అంతా సరిగానే ఉందంటాడు. ఆ మాటా నిజమే.

అడ్డం ఉన్నది గోడ. ఉమ్మడి అనంతపురం జిల్లా పాత ఇళ్లు రాతి కట్టుబడి ఇళ్లు. అడుగున్నర, రెండడుగుల మందం గోడలు, పైన మట్టి మిద్దె లేదా బండల మిద్దె. ఎండను ఆపడానికి కట్టిన గోడ అది. వైఫై సంకేతాన్నీ అంతే గట్టిగా ఆపుతుంది. వేగం ఎక్కువగా ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ సంకేతం అలాంటి గోడ ఒక్కటి దాటేసరికే చాలావరకు చచ్చిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం కొంచెం ముందుకు వెళ్తుంది గానీ రెండో గోడ దగ్గర అదీ నీరసిస్తుంది. కొత్తగా కట్టే ఇళ్లలో గోడలు పలచబడ్డాయి, కానీ కడ్డీలు నిండిన స్లాబు ఉంది. కింద డబ్బా పెట్టుకుని మిద్దెపైన గదిలో పని చేసుకుందామంటే ఆ స్లాబు ఒప్పుకోదు.

ఇలాంటప్పుడు దుకాణంలో చేతిలో పెట్టేది వైఫై ఎక్స్‌టెండర్. నా మాట వింటే దాన్ని కొనకండి. బలహీనంగా అందిన సంకేతాన్ని పట్టి మళ్లీ వదలడమే దాని పని. అందుకోవడానికీ వదలడానికీ ఒకే రేడియో వాడే మామూలు రకాల్లో వేగం సగానికి పడిపోతుంది. రాతి గోడ వెనక అసలు సంకేతమే అందని చోట అది పెంచేదేముంది? గోడకు ఒక రంధ్రం వేసి, అందులోంచి వైరు లాగి, అవతల ఒక స్విచ్ పెట్టడమే దీనికి శాశ్వతమైన దారి. ఖర్చు కూడా దాదాపు ఎక్స్‌టెండర్ అంతే.

2020 తర్వాత ఈ అవసరం బాగా పెరిగింది. బెంగళూరు ఇక్కడికి దగ్గర. అక్కడి కంపెనీల్లో చేరిన పిల్లలు నెలలో కొన్ని రోజులైనా ఇంటి నుంచి పని చేస్తున్నారు. మీటింగ్ మధ్యలో గొంతు తెగిపోతే ఆ పిల్ల ఉద్యోగానికే మాట వస్తుంది. ధర్మవరంలో మగ్గం దగ్గరే నిలబడి వీడియో కాల్‌లో చీర అంచు చూపించి అమ్మేవాళ్లు ఉన్నారు. పొలంలో మోటారు కేబుల్ కోసుకుపోకుండా కెమెరా పెట్టుకోవాలనుకునే రైతులు ఉన్నారు. వీళ్లందరికీ ‘మంచి రౌటర్ కొనుక్కోండి’ అన్న సలహా దొరుకుతోంది. ‘వైరు లాగండి, స్విచ్ పెట్టండి’ అని చెప్పేవాళ్లు తక్కువ.

పెట్టె లోపల ఏం జరుగుతుంది

చెరువు కింద నీరుగట్టి పని చూసినవాళ్లకు స్విచ్ పని తేలిగ్గా అర్థమవుతుంది. ఏ మడి ఎవరిదో, ఎవరి వంతు వచ్చిందో గుర్తుపెట్టుకుని ఆ మడికే మడవ తీస్తాడు నీరుగట్టి. స్విచ్ కూడా ఏ పోర్టుకు ఏ పరికరం తగిలించి ఉందో దాని హార్డ్‌వేర్ అడ్రసును బట్టి తనంతట తానే నేర్చుకుంటుంది. టీవీ కోసం వచ్చిన సమాచారాన్ని టీవీ ఉన్న పోర్టుకే పంపుతుంది. దీనికి ముందు తరంలో హబ్ అనే పెట్టె ఉండేది. అది వచ్చినదాన్నంతా అన్ని పోర్టులకూ కుమ్మరించేది. ఎవరిది వాళ్లు ఏరుకోవాలి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండూ పాడయ్యేవి.

ల్యాన్ వైర్లలో సమాచారం నడిచే ఈథర్‌నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆలోచనగా మొదలైంది. అందరూ ఒకే తీగను పంచుకోవడం ఆనాటి పద్ధతి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ తీగ మీద రద్దీ భరించలేనంతగా పెరిగింది. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి సిలికాన్ వ్యాలీలో పెట్టిన ఒక చిన్న కంపెనీ, 1990 ప్రాంతంలో ఏడు పోర్టుల స్విచ్‌ను అమ్మకానికి తెచ్చింది. ఈథర్‌నెట్ స్విచ్‌లలో అదే మొదటిది. ఆ కంపెనీ పేరు కల్పన. అది భరద్వాజ్ భార్య పేరు. 1994లో దాన్ని సిస్కో కొనుక్కుంది. ఈరోజు వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే ఐదు పోర్టుల పెట్టెకు మూలం అక్కడుంది. ఈ సంగతి మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలకు తప్పకుండా చెప్పాలని నాకు అనిపిస్తుంది.

స్విచ్, రౌటర్ ఒకటి కావు. బయటి ఇంటర్నెట్‌కూ ఇంటికీ మధ్య నిలబడి, ఇంట్లో పరికరాలకు అడ్రసులు ఇచ్చేది రౌటర్. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన డబ్బాలో అది ఇప్పటికే ఉంది. స్విచ్ పోర్టులను పెంచుతుంది, ఇంటి లోపలి రాకపోకలు చూసుకుంటుంది. స్విచ్ పెట్టినందువల్ల మీ ప్లాన్ వేగం పెరగదు. గోడల మధ్య పోతున్న వేగం మాత్రం పోకుండా ఉంటుంది.

పెట్టె మీద 40 డిగ్రీలని ఉంటుంది

ఇళ్లలో వాడే స్విచ్‌ల అట్టపెట్టె వెనక సన్నటి అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది: పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. చాలామంది ఆ వరుస చదవరు. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది. రేకుల షెడ్డులో, మెట్ల కింద మూసిన ఇనప పెట్టెలో, మిద్దెపైన నీళ్ల ట్యాంకు పక్కన ఎంత ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. స్విచ్ లోపల కరెంటును చదును చేసే కెపాసిటర్లు ఉంటాయి. ప్రతి 10 డిగ్రీల వేడికీ వాటి ఆయుష్షు సుమారు సగం తగ్గుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. చల్లటి చోట ఎనిమిదేళ్లు బతకాల్సిన పెట్టె రేకుల కింద రెండు మూడు ఎండాకాలాలకే తడబడుతుంది. అదీ ఒక్కసారిగా చావదు. మధ్యాహ్నం ఆగి, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ నడుస్తుంది. ఇంటివాళ్లు నెట్ కంపెనీని తిడతారు.

కాబట్టి ఏ స్విచ్ కొనాలన్న ప్రశ్నకు ముందు ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవాలి. పాత మిద్దె ఇల్లయితే ఇంటి నడిమి గదిలో, బయటి ఎండ తగలని గోడకు, నడుమెత్తులో. వేడి గాలి పైకి పోతుంది, అందుకే అటక మీద పెట్టకూడదు. గోడలో గూడు ఉంటే అందులో పెట్టవచ్చు, కానీ తలుపు పెట్టి మూయకూడదు. ఫైబర్ డబ్బా మీద స్విచ్‌ను, స్విచ్ మీద అడాప్టర్‌ను పేర్చడం అన్ని ఇళ్లలోనూ కనిపిస్తుంది. ఒకదాని వేడి ఇంకొకదానికి ఎక్కుతుంది. వేలెడు ఎడం ఉండాలి.

ఫ్యాన్ లేని స్విచ్‌నే తీసుకోండి. ఈ నేల మీద గాలిలో ఎప్పుడూ దుమ్మే. తాడిపత్రి వైపు బండల పాలిష్ దుమ్ము, మిగతా చోట్ల ఎర్రమట్టి, వేరుశనగ నూర్పిళ్ల రోజుల్లో పొట్టు. ఫ్యాన్ ఉంటే అదంతా లోపలికి లాగుతుంది. ప్లాస్టిక్ పెట్టె కంటే ఇనప పెట్టె మేలు, లోపలి వేడి ఒంటి మీదుగా బయటికి పోతుంది. గోడకు బిగించేటప్పుడు పోర్టులు కిందికి చూసేలా బిగిస్తే వాటిలో దుమ్ము నిలవదు. వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టండి. పొలంలోని షెడ్డు లాంటి చోట తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే 75 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ స్విచ్‌లు దొరుకుతాయి. ధర నాలుగైదు రెట్లు ఉంటుంది. ఆ డబ్బు లేకపోతే షెడ్డులో స్విచ్ పెట్టకుండా ఇంటి నుంచే వైరు లాగే దారి చూడాలి.

వైరు ముప్పయ్యేళ్లది, స్విచ్ ఏడెనిమిదేళ్లది

స్విచ్ పాడైతే ఒక పూటలో మార్చుకోవచ్చు. గోడలోకి పోయిన వైరును మార్చడం పెద్ద పని. అందుకే డబ్బు ముందు వైరు మీద పెట్టాలి. క్యాట్ 6 అన్న అచ్చు ఒక్కటే చూసి కొంటే మోసపోతాం. బజారులో సగం ధరకు దొరికే రకంలో లోపల అల్యూమినియం తీగ ఉంటుంది, పైన రాగి పూత. బ్లేడుతో గీరి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే వదిలేయండి. ఆ తీగ తొందరగా విరుగుతుంది, ఎక్కువ దూరం పోతే సంకేతం తగ్గుతుంది, వైరులోనే కరెంటు పంపే కెమెరాలకు వాడితే వేడెక్కుతుంది. ఈథర్‌నెట్ వైరు ప్రమాణాలు అల్యూమినియాన్ని ఒప్పుకోవు. 305 మీటర్ల పూర్తి పెట్టె ఒక ఇంటికి అక్కర్లేదు. బంధువులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక అసలైన రాగి పెట్టె కొని పంచుకోవడం మంచి ఆలోచన.

వైరు లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు. రెండు చివరలా ఒకే వరుస ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జాక్ కొట్టేవాళ్లలో కొందరు తొందరలో నాలుగు తీగలే కలిపి వెళ్తారు. 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలే చాలు కాబట్టి నెట్ నడుస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి. మీ స్విచ్ గిగాబిట్‌దే అయినా పోర్టు పక్కన లైటు 100 రంగే చూపిస్తుంటే జాక్ దగ్గర లోపం ఉందని అర్థం. చిన్న కేబుల్ టెస్టర్ రెండు మూడు వందలకు వస్తుంది. పనివాడు వెళ్లకముందే తగిలించి ఎనిమిది లైట్లూ వరుసగా వెలగడం చూడాలి.

రాతి గోడను గాడి కొట్టి వైరు దాచడం జరిగే పని కాదు. గోడ మీదనే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేసి అందులోంచి తీయాలి. కరెంటు వైరుతో ఒకే పట్టీలో కలపకూడదు, జానెడు దూరం ఉంచాలి. రెండు వైర్లు అడ్డంగా దాటాల్సి వస్తే సూటిగా దాటించాలి. మిద్దెపైకి బయటి నుంచి తీసుకెళ్లే వైరు నల్ల తొడుగుతో బయట వాడకానికి చేసినదై ఉండాలి. లోపల వాడే బూడిదరంగు వైరు ఇక్కడి ఎండకు రెండేళ్లలో పెళుసెక్కి పగులుతుంది. దూలాల మీద నుంచి పోయే వైరును ఎలుకలు, ఉడతలు కొరుకుతాయి. ఆ భాగానికి పైపు వేయండి. మామూలుగా ఏ వైరూ స్విచ్ నుంచి పరికరం దాకా 100 మీటర్లు దాటకూడదు.

ఎండిన నేలలో ఎర్తింగ్

ఈ విషయం మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో స్విచ్‌లు ఎక్కువగా పోయేది ఇక్కడే.

వోల్టేజీ తగ్గడం గురించి అందరికీ భయం. నిజానికి స్విచ్‌కు దానితో పెద్ద ప్రమాదం లేదు. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉంటుంది. సాయంత్రం 160కి పడిపోయినా అది నెట్టుకొస్తుంది. కరెంటు పోయి తిరిగి వచ్చే క్షణంలో ఎగిసే వోల్టేజీ, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు దుమ్ము గాలితో వచ్చే ఉరుముల వాన, ఈ రెండే అసలు శత్రువులు. పిడుగు ఇంటి మీద పడనక్కర్లేదు. దగ్గరలో ఎక్కడో పడినా, ఆరుబయట పొడవుగా లాగిన రాగి వైరులో వోల్టేజీ పుడుతుంది. అది నేరుగా స్విచ్ పోర్టులోకి వస్తుంది. అక్కడి నుంచి కంప్యూటర్, టీవీ.

దీనికి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకోమంటారు. పెట్టుకోవాలి. కానీ అది ఆ అదనపు విద్యుత్తును తీసుకెళ్లి ఎక్కడ పారబోస్తుంది? భూమిలో. భూమి దాన్ని తీసుకోవాలంటే తడి ఉండాలి. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో, అదీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఎక్కువ పడే చోట, మార్చి వచ్చేసరికి ఎర్త్ గుంత ఎముకలా ఎండిపోయి ఉంటుంది. పిడుగుల కాలం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. ఇల్లు కట్టినప్పుడు బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గుంతను ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. దానిపైన గచ్చు కూడా పోసేస్తారు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, వెనక భూమి ఉండదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించండి. ఇంటికి 5 ఓమ్‌ల లోపు ఉండేలా చూసుకోవాలి. ఎక్కువ వస్తే ఉప్పు, బొగ్గు కొత్తగా వేయించి, గుంతలో నీళ్లు పోయడానికి ఒక పైపు ముక్క నిలబెట్టించండి. మంచినీళ్లు పోయమని ఈ జిల్లాలో చెప్పడానికి నోరు రాదు. ఫ్లోరైడ్ భయంతో చాలా ఇళ్లలో ఆర్‌ఓ ఫిల్టర్లు పెట్టుకున్నారు. వాటి నుంచి వృథాగా పోయే నీటి పైపును ఎర్త్ గుంతలోకి తిప్పండి. ఆ నీటిలో ఉప్పు శాతం ఎక్కువ కాబట్టి ఈ పనికి మరీ మంచిది.

ఇంకో మాట. అన్నదమ్ముల పక్కపక్క ఇళ్ల మధ్య, లేదా ఇంటికీ దూరంగా ఉన్న కొట్టానికీ మధ్య రాగి వైరు లాగవద్దు. రెండు కట్టడాలకు వేర్వేరు మీటర్లు, వేర్వేరు ఎర్తింగ్ ఉంటే వాటి మధ్య వోల్టేజీ తేడా అంతా ల్యాన్ వైరు మీద నుంచి పోతుంది. అక్కడ ఫైబర్ వేయాలి. గాజు తీగలో విద్యుత్ ప్రవహించదు. ఫైబర్‌నూ ల్యాన్ వైరునూ కలిపే మీడియా కన్వర్టర్ రెండు చివరలా ఒక్కోటి చాలు. లేదా ఫైబర్ తగిలించుకునే ఎస్‌ఎఫ్‌పీ పోర్టున్న స్విచ్ కొనవచ్చు. బలం కోసం లోపల ఇనప తీగ వేసిన ఫైబర్ కూడా బజారులో ఉంటుంది. అది తీసుకుంటే ఉద్దేశమే దెబ్బతింటుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గులు పీకేయడం మాత్రం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ప్లగ్గుతో పాటు బయటి నుంచి వచ్చే ల్యాన్ వైరును కూడా పీకాలి. చాలామంది అది మర్చిపోతారు.

కరెంటు పోయినప్పుడు నడవడానికి ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఆ లైనుకే కలిపేయండి. ఫైబర్ డబ్బా, స్విచ్ రెండూ కలిసి 15 వాట్లకు మించవు. ఇన్వర్టర్ లేనివాళ్లు చిన్న రౌటర్ యూపీఎస్ కొంటారు. దాని మీద 10,000 ఎంఏహెచ్ అని చూసి రోజంతా వస్తుందనుకోవద్దు. లోపలి సెల్లు 3.7 వోల్టులది కాబట్టి మొత్తం 37 వాట్-గంటలే. 15 వాట్లకు రెండు గంటలు, అంతే. అంతకన్నా ముఖ్యం వోల్టేజీ. ఫైబర్ డబ్బాకు సాధారణంగా 12 వోల్టులు కావాలి. చిన్న స్విచ్‌లలో చాలావాటికి 5 వోల్టులు, కొన్నిటికి 9. పిన్ను సైజు మాత్రం ఒకటే ఉండొచ్చు. 12 వోల్టుల పిన్నును 5 వోల్టుల స్విచ్‌కు గుచ్చితే స్విచ్ ఆ క్షణమే పోతుంది. అడాప్టర్ల మీద మార్కర్‌తో పెద్దగా రాసిపెట్టండి.

ఎన్ని పోర్టులు, ఏ రకం

వేగం గురించి త్వరగా చెప్పేస్తాను. 100 మెగాబిట్ల లోపు ప్లాన్ ఉన్న ఇంటికి 100 మెగాబిట్ల స్విచ్ కూడా సరిపోతుంది. అయినా గిగాబిట్ కొనండి. ధరలో తేడా కొన్ని వందలే. మన ప్లాన్ మారినా పెట్టె మారనక్కర్లేదు. 2.5 గిగాబిట్ల స్విచ్‌లు వచ్చాయి. వీడియో ఎడిటింగ్ లాంటి పని చేసేవాళ్లకు తప్ప ఇంటికి ఇప్పుడు అక్కర్లేదు.

పోర్టులను లెక్కపెట్టేటప్పుడు ఫైబర్ డబ్బా నుంచి వచ్చే వైరుకు ఒకటి పోతుందని గుర్తుంచుకోవాలి. టీవీ, కంప్యూటర్, మిద్దెపైన వైఫై, కెమెరా రికార్డర్ కలిపితే ఐదు పోర్టుల స్విచ్ నిండిపోయింది. ఎనిమిది పోర్టులది తీసుకోవడమే తెలివి. ఐదుదాని వెనక ఇంకో ఐదుదాన్ని తగిలించుకుంటూ పోతే అడాప్టర్లు పెరుగుతాయి, పాడయ్యే చోట్లు పెరుగుతాయి.

మేనేజ్డ్ స్విచ్ కావాలా? నలుగురున్న ఇంటికి అన్‌మేనేజ్డ్ చాలు, తగిలిస్తే నడుస్తుంది. ఇంట్లో ఏడెనిమిది కెమెరాలు ఉండి, వాటిని మిగతా నెట్‌వర్క్ నుంచి విడదీయాలనుకుంటే స్మార్ట్ మేనేజ్డ్ రకం తీసుకుని వీల్యాన్ పెట్టించుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అందరికీ చెప్పాలి. ఒకే వైరు రెండు చివరలనూ పొరపాటున ఒకే స్విచ్‌లో గుచ్చితే సమాచారం అందులోనే గిరగిరా తిరిగి మొత్తం ఇంటి నెట్ స్తంభించిపోతుంది. ఇలాంటి చుట్టును కనిపెట్టి ఆపే పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు రూపొందించారు. చవక స్విచ్‌లలో అది ఉండదు. పిల్లలున్న ఇంట్లో ఊడిన వైరు చివరలు వేలాడకుండా చూసుకోవాలి.

ఇక కెమెరాలు. మోటారు కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ రాగి పోగొట్టుకున్న రైతుల బాధ ఈ జిల్లాలో కొత్తది కాదు. ఒకే ల్యాన్ వైరులో సమాచారంతో పాటు కరెంటు కూడా పంపే పీవోఈ స్విచ్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. కెమెరా దగ్గర ప్లగ్గు అక్కర్లేదు. 2003 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, 2009 నాటి దాని ప్రకారం 30 వాట్లు. మామూలు కెమెరా పగలు నాలుగు వాట్లు తింటే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాక ఏడెనిమిది దాకా తింటుంది. లెక్క రాత్రికి వేసుకోవాలి. పెట్టె మీద మొత్తం వాట్ల పరిమితి వేరే ఉంటుంది. ఎనిమిది పోర్టులున్నా మొత్తం 60 వాట్లే ఇచ్చేవి ఉన్నాయి. ప్రమాణం లేకుండా నేరుగా 24 వోల్టులు తోసే పాసివ్ రకాలను కెమెరాతో సరిపోల్చకుండా కొనవద్దు.

కెమెరా పీవోఈ స్విచ్‌లలో కొన్నిటికి పక్కన ఎక్స్‌టెండ్ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే వేగం 10 మెగాబిట్లకు తగ్గి, దూరం 250 మీటర్ల దాకా పెరుగుతుంది. ఒక కెమెరాకు ఆ వేగం చాలు. ఇంటి వెనకే పొలం ఉన్నవాళ్లకు ఇది వరం. అంతకన్నా దూరమైతే ఫైబరో, రెండు స్తంభాల మధ్య వైర్‌లెస్ బ్రిడ్జో వేయాలి. బోరు దగ్గర కరెంటు మీద ఆధారపడవద్దు. వ్యవసాయ లైనులో త్రీఫేజ్ కరెంటు తొమ్మిది గంటలే. దొంగ వచ్చే వేళకు అది ఉండదు. అక్కడ చిన్న సోలార్ పలక, బ్యాటరీ పెట్టుకోవాలి. ఎండ మనకు కొరత లేదు.

బిగించే రోజు

ఫైబర్ డబ్బా ల్యాన్ పోర్టు నుంచి స్విచ్‌లోకి ఒక వైరు. స్విచ్ నుంచి గదులకు ఒక్కో వైరు. ఐపీటీవీ పెట్టె ఉంటే దాన్ని స్విచ్‌కు కాకుండా నేరుగా ఫైబర్ డబ్బాలో దానికి చెప్పిన పోర్టుకే తగిలించండి. టీవీ ప్రసారం వచ్చే తీరు వేరు. మామూలు స్విచ్ దాన్ని గుర్తించక అన్ని పోర్టులకూ పంపి ఇంటి వైఫైని నెమ్మదింపజేస్తుంది.

వెనక గదిలో, మిద్దెపైన వైఫై కోసం పాత రౌటర్ ఇంట్లో మూల పడి ఉంటే అదే పనికొస్తుంది. దాని సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, దాని అడ్రసును ఫైబర్ డబ్బా అడ్రసుతో గొడవ పడకుండా మార్చి, స్విచ్ నుంచి వచ్చిన వైరును దాని ల్యాన్ పోర్టులో పెట్టండి. అడ్రసులు పంచేవి ఇంట్లో రెండు ఉంటే ఫోన్‌లు ఎవరి మాట వినాలో తెలియక మధ్యమధ్యలో ఆగిపోతాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్ అన్ని చోట్లా ఒకటే పెడితే ఫోన్ తనకు దగ్గరి దానికి మారుతుంది. కెమెరాలకూ రికార్డర్‌కూ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చాలి. ఆ పని రేపటికి వాయిదా వేస్తే ఇంటి వాకిలి బయటివాళ్ల కళ్ల ముందు ఉంటుంది.

ప్రతి వైరుకూ రెండు చివరలా చిన్న టేపు ముక్క చుట్టి ఏ గదిదో తెలుగులో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు నెట్ ఆగితే, బెంగళూరులో ఉన్న కూతురు ఫోన్‌లో ‘అమ్మా, మిద్దె వైరు తీసి మళ్లీ పెట్టు’ అని చెప్పగలగాలి.

ఆగినప్పుడు చూసే వరుస ఇది. ముందు ఫైబర్ డబ్బా మీద ఎర్ర లైటు ఉందా చూడాలి. ఉంటే తప్పు బయటి తీగలో ఉంది, వేరుశనగ కట్టె నిండుగా వేసుకుపోయే ట్రాక్టరు వీధిలో దాన్ని లాగేసి ఉండొచ్చు. ఎర్ర లైటు లేకపోతే స్విచ్‌లో కరెంటు లైటు, తర్వాత ఆ గది పోర్టు లైటు. పోర్టు లైటు ఆరిపోయి ఉంటే ఆ వైరును పక్క పోర్టులోకి మార్చి చూడాలి. వెలిగితే పోర్టు పోయింది, వెలగకపోతే వైరో జాకో పోయింది. అన్ని లైట్లూ ఉండి కూడా నెట్ లేకపోతే స్విచ్, ఫైబర్ డబ్బా రెంటి ప్లగ్గులూ తీసి, నిమిషం ఆగి, ముందు డబ్బా, అది నిలబడ్డాక స్విచ్ వేయాలి. ఆ తర్వాత కూడా రాకపోతే ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఏ లైటు ఏ రంగులో ఉందో చెప్పండి. ఏ పరికరం తెచ్చుకోవాలో ఆయన బయల్దేరే ముందే తెలుసుకుంటాడు.